లింక్డ్ లిస్టు మీద తిరిగేటప్పుడు లాక్ ఎక్కడ వదలాలి: ఫైల్‌సిస్టమ్ కోడ్ రాసేవాళ్ల కోసం

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ కాలేజీల్లో ఫైల్‌సిస్టమ్ మీద ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, సూపర్‌బ్లాక్‌లోని ఐనోడ్ల లిస్టు మీద తిరుగుతుంటే మిగతా సీపీయూలన్నీ ఆగిపోతున్నయి. నడుమ లాక్ విడిచిపెడితే లిస్టు మారిపోతది కదా, మళ్ల మొదటి నుంచి తిరగాల్నా?" (ఐనోడ్ అంటే ఒక్కో ఫైల్ వివరాలు ఉంచే నిర్మాణం, సూపర్‌బ్లాక్ అంటే మౌంట్ అయిన ఒక్కో ఫైల్‌సిస్టమ్‌ది. లాక్ అంటే ఒకసారికి ఒక్కరే లిస్టును ముట్టుకునేలా చేసే తాళం.)

అక్కర్లేదు. లాక్ వదలొచ్చు, ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. కాకపోతే వదిలే ముందు ఒక పని, మళ్లీ పట్టుకునే ముందు ఒక పని వరుస తప్పకుండా చేయాలి. మిర్చి సీజన్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు బండ్లు వస్తే గేటు దగ్గర చిట్టీ రాసిచ్చి లోపలికి పంపాలి, కాంటా లోపల వేయాలి. ప్రతి బస్తాకూ గేటు దగ్గరే కాంటా వేస్తే లైను ఎక్కడిదాకా పోతుందో మనకు తెలుసు. లాక్ ఆ గేటు, రిఫరెన్స్ (ఈ ఐనోడ్‌ను ఇంకా వాడుతున్నామని పెట్టే లెక్క) ఆ చిట్టీ.

ఉదాహరణకు లైనక్స్ కెర్నెల్‌నే తీసుకుంటున్నాను. ఫంక్షన్ల పేర్లు, ఫైళ్ల పేర్లు తెలుగు అక్షరాల్లో రాశాను. కోడ్‌లో వెతికేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. వెర్షన్‌ను బట్టి కొన్ని పేర్లు మారతాయి కాబట్టి మీ దగ్గరున్న సోర్స్‌ను పక్కన తెరిచి పెట్టుకుని చదవండి.

కావాల్సినవి

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. అందులో క్యూఈఎంయూతో ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకోండి: 4 సీపీయూలు, 4 జీబీ ర్యామ్. ఒకే సీపీయూ ఇస్తే లాక్ కోసం పోటీ ఎప్పటికీ కనిపించదు, మీ కోడ్ బాగుందని మోసపోతారు.

కెర్నెళ్లు రెండు కట్టుకోవాలి. మొదటిది డీబగ్ కెర్నెల్: ప్రూవ్ లాకింగ్, లాక్ స్టాట్, డీబగ్ లిస్ట్, డీబగ్ అటామిక్ స్లీప్, కేఏశాన్ (వదిలేసిన మెమరీని ముట్టుకుంటే పట్టేది) అనే ఆప్షన్లన్నీ ఆన్. రెండోది మామూలు కెర్నెల్, ఇవేవీ లేకుండా. తప్పులు పట్టడానికి మొదటిది, వేగం చూడటానికి రెండోది. డీబగ్ కెర్నెల్ మీద వచ్చిన సెకన్లను రిపోర్టులో వేగం అని చూపించకండి. లాక్‌డెప్ (లాకుల వరుస తప్పులు పట్టే కెర్నెల్ సాధనం) ప్రతి లాక్ దగ్గరా తన లెక్కలు రాసుకుంటుంది కాబట్టి ఆ అంకెలు ముందు-తర్వాత పోల్చుకోవడానికి మాత్రమే పనికొస్తాయి. కంపైల్‌కు గంటలు పడుతోందంటే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో మీ మెషీన్‌కు అవసరమైన మాడ్యూళ్లే ఉంచండి.

ఇంకా పెర్ఫ్ (సీపీయూ సమయం ఎక్కడ పోతోందో చూపేది), స్లాబ్‌టాప్ (కెర్నెల్ మెమరీలో ఏవి ఎన్ని ఉన్నాయో చూపేది) కావాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ (ఫైల్‌సిస్టమ్ పరీక్షల మూట) ఉంటే మంచిది.

1. ముందు కొలవండి

లాక్ వల్లే ఆలస్యమవుతోందని తేలకుండా కోడ్ ముట్టుకోవద్దు. ఒక 4 జీబీ ఖాళీ ఫైల్ చేసి, దానిమీద ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసి లూప్ మౌంట్ చేయండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: ఈఎక్స్‌టీ4 మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ ఇస్తుంది, అంటే 4 జీబీకి 2,62,144 మాత్రమే. మనకు 10 లక్షల ఫైళ్లు కావాలి. కాబట్టి ఫార్మాట్ చేసేటప్పుడే పెద్ద ఎన్ ఆప్షన్‌తో 12 లక్షల ఐనోడ్లు అడగండి. తర్వాత 1,000 డైరెక్టరీలు, ఒక్కోదాంట్లో 1,000 ఖాళీ ఫైళ్లు సృష్టించండి.

ఇప్పుడు రెండు టెర్మినళ్లు తెరవండి. ఒకదాంట్లో ప్రాక్ కింద సిస్, దాని కింద వీఎం డైరెక్టరీలోని డ్రాప్_క్యాషెస్‌లోకి 1 పంపుతూ ఉండండి. అది ప్రతి సూపర్‌బ్లాక్‌లోని ఎస్_ఐనోడ్స్ లిస్టు మొత్తం మీద తిరుగుతుంది. రెండోదాంట్లో అదే మౌంట్ మీద ఫైళ్లు సృష్టిస్తూ, తీసేస్తూ ఉండే చిన్న స్క్రిప్టు నడపండి. మీ సొంత మాడ్యూల్‌లో తిరిగే కోడ్ ఉంటే డ్రాప్_క్యాషెస్ బదులు దాన్నే నడపండి.

డీబగ్ కెర్నెల్ మీద లాక్_స్టాట్ ఆన్ చేసి, పాత లెక్కలు చెరిపి (నేరుగా ప్రాక్ కింద ఉన్న లాక్_స్టాట్ ఫైల్‌లోకి 0 రాస్తే చాలు), ఒక నిమిషం నడిపి చదవండి. ఎస్_ఐనోడ్_లిస్ట్_లాక్ వరుసలో మూడు అంకెలు రాసిపెట్టుకోండి: కంటెన్షన్స్, వెయిట్‌టైమ్-మ్యాక్స్, హోల్డ్‌టైమ్-మ్యాక్స్. అంటే వరుసగా ఎన్నిసార్లు పోటీ పడ్డారు, ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు కాచుకున్నారు, ఎంతసేపు పట్టుకున్నారు. సమయాలు మైక్రోసెకన్లలో ఉంటాయి. ఈ లాక్ ప్రతి సూపర్‌బ్లాక్‌కూ వేరైనా లాక్_స్టాట్ అన్నిటినీ ఒకే వరుసలో కలిపి చూపిస్తుంది, కాబట్టి పక్కన వేరే మౌంట్ల మీద పనులేవీ నడవకుండా చూసుకోండి. మామూలు కెర్నెల్ మీద పెర్ఫ్ టాప్ చూస్తే స్పిన్‌లాక్ స్లోపాత్ ఫంక్షన్ (స్పిన్‌లాక్ దొరికేదాకా నిద్రపోకుండా సీపీయూ తిరుగుతూ కాచుకునే చోటు) పైకి వచ్చి ఉంటుంది.

జాగ్రత్త: 10 లక్షల ఈఎక్స్‌టీ4 ఐనోడ్లు, వాటి డెంట్రీలు (ఫైల్ పేర్లను గుర్తుంచుకునేవి) కలిపి మెమరీలో 1 జీబీ పైనే తింటాయి. ర్యామ్ చాలకపోతే కెర్నెల్ వాటిని తనంతట తానే తీసేస్తుంది, మీ లిస్టు చెప్పకుండా చిన్నదవుతుంది. అప్పుడు తర్వాతి కొలతలో కోడ్ వేగం పెరిగినట్టు కనిపిస్తుంది. ప్రతి కొలతకు ముందు స్లాబ్‌టాప్‌లో ఈఎక్స్‌టీ4_ఐనోడ్_క్యాష్ సంఖ్య అంతే ఉందో లేదో చూడండి. కేఏశాన్ ఉన్న కెర్నెల్ మీదైతే ఫైళ్లు 2 లక్షలకు తగ్గించండి.

2. లూప్‌లోని పనులను విడదీయండి

కోడ్ ప్రింటు తీసుకుని పెన్నుతో గుర్తులు పెట్టండి. ప్రతి లైనుకూ ఒకటే ప్రశ్న: దీనికి లిస్టు కదలకుండా ఉండాలా, ఈ ఒక్క ఐనోడ్ బతికి ఉంటే చాలా? తర్వాతి నోడ్‌కు వెళ్లడం, నోడ్‌ను తీయడం, చేర్చడం, వీటికి మాత్రమే లిస్టు లాక్ కావాలి. పేజీలు వదిలించడం, డిస్క్‌కు రాయడం, కోటా లెక్కలు చూడటం, వీటికి ఐనోడ్ బతికి ఉంటే చాలు.

ఒక్కో ఐనోడ్ మీద 20 మైక్రోసెకన్ల పని ఉందనుకోండి. 10 లక్షల ఐనోడ్లకు 20 సెకన్లు. స్పిన్‌లాక్ పట్టుకుని ఒకే సీపీయూ 20 సెకన్లు ఉంటే కెర్నెల్ వాచ్‌డాగ్ సాఫ్ట్ లాకప్ అని అరుస్తుంది. డిఫాల్ట్ గడువు కూడా అంతే, 10 సెకన్లకు రెట్టింపు. పనేమీ చేయకుండా ఊరికే తిరిగినా తక్కువేం కాదు. లింక్డ్ లిస్టులో ప్రతి అడుగూ మెమరీలో వేరే చోటికి పోతుంది. క్యాష్‌లో దొరక్కపోతే అడుగుకు 100 నానోసెకన్లు వేసుకున్నా, 10 లక్షల అడుగులకు సెకనులో పదో వంతు. స్పిన్‌లాక్ కోసం నిలబడ్డవాళ్లకు అది చాలా పెద్ద సమయం.

3. చిట్టీ తీసుకుని గేటు వదలండి

ఇప్పుడు అసలు పద్ధతి. కెర్నెల్‌లోని ఎఫ్‌ఎస్ డైరెక్టరీలో డ్రాప్_క్యాషెస్ ఫైల్ తెరవండి; తిరిగే ఫంక్షన్ ఒక పేజీ కూడా ఉండదు, దీన్ని మించిన పాఠం లేదు. అందులో వరుస ఇదీ:

అ) లిస్టు లాక్ పట్టు. "పాతది" అనే పాయింటర్‌ను ఖాళీగా పెట్టుకో.
ఆ) ఐనోడ్ దగ్గరికి రాగానే దాని ఐ_లాక్ పట్టు. ఫ్రీయింగ్, విల్_ఫ్రీ, న్యూ స్థితుల్లో ఉంటే ఐ_లాక్ వదిలి తర్వాతిదానికి పో.
ఇ) రిఫరెన్స్ కౌంట్ పెంచు. ఐ_లాక్ వదులు. లిస్టు లాక్ వదులు.
ఈ) పని చేయి. ఇక్కడ నిద్రపోయినా ఫర్వాలేదు.
ఉ) "పాతది" మీద ఐపుట్ (రిఫరెన్స్ వదిలే ఫంక్షన్) పిలువు. ఇప్పటి ఐనోడ్‌ను "పాతది"లో పెట్టు.
ఊ) కాండ్_రీషెడ్ (అవసరమైతే సీపీయూను వేరేవాళ్లకు ఇవ్వు). లిస్టు లాక్ మళ్లీ పట్టు. తర్వాతి నోడ్‌కు పో.
ఋ) లూప్ అయ్యాక లాక్ వదిలి, చివరి "పాతది" మీద ఐపుట్.

లాక్ వదిలినా చోటు ఎందుకు పోదంటే, రిఫరెన్స్ ఉన్న ఐనోడ్‌ను కెర్నెల్ ఎవిక్ట్ చేయదు (మెమరీలోంచి తీసేయదు), ఎవిక్ట్ అయ్యేటప్పుడే ఐనోడ్ ఎస్_ఐనోడ్స్ లిస్టు నుంచి బయటికి వస్తుంది. అంటే మనం చిట్టీ పట్టుకున్నంతసేపూ ఆ నోడ్ లిస్టులోనే ఉంటుంది. దాని ముందూ వెనకా ఎన్ని మారినా, లాక్ మళ్లీ పట్టాక దాని నెక్స్ట్ పాయింటర్ సరైన చోటే చూపిస్తుంది.

లాకుల వరుస మార్చొద్దు: ముందు లిస్టు లాక్, దాని లోపల ఐ_లాక్. ఎఫ్‌ఎస్ డైరెక్టరీలోని ఐనోడ్ ఫైల్ మొదట్లో కామెంటులోనే ఈ వరుస రాసి ఉంది.

సొంత మాడ్యూల్ రాస్తున్నవాళ్లు స్థితులు చూడటం, కౌంట్ పెంచడం విడిగా రాయకుండా ఐగ్రాబ్ వాడొచ్చు. అది ఐ_లాక్ తానే పట్టుకుంటుంది, పోతున్న ఐనోడ్ అయితే నల్ ఇస్తుంది. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. మీరు ఐ_లాక్ పట్టుకుని ఐగ్రాబ్ పిలిస్తే అక్కడికక్కడే డెడ్‌లాక్. న్యూ స్థితిని ఐగ్రాబ్ చూడదు. ఇంకా పూర్తిగా నిండని ఐనోడ్ చేతికొస్తుంది, ఆ పరీక్ష మీరే చేయాలి.

4. ఐపుట్ ఎప్పుడు? ఇక్కడే ఎక్కువమంది పడతారు

"పని అయ్యాక వెంటనే ఐపుట్ చేస్తే సరిపోతది కదా, పాతది అని ఒకటి దాచుడెందుకు?" అని అడుగుతారు. అది అనవసరంగా పెట్టిన పాయింటర్ కాదు, పద్ధతి అంతా దానిమీదే నిలబడింది.

పని అవగానే, లాక్ పట్టకముందే ఇప్పటి ఐనోడ్ మీద ఐపుట్ పిలిచారనుకోండి. చివరి రిఫరెన్స్ మీదే అయితే ఐనోడ్ లిస్టు నుంచి పోతుంది, మెమరీ కూడా పోవచ్చు. తర్వాత లాక్ పట్టి దాని నెక్స్ట్ చదివితే చదివేది చెత్త. ఇది రోజూ జరగదు. మీ టెస్టుల్లో వంద సార్లు బాగానే నడిచి, ఎవరో ఫైల్ డిలీట్ చేసిన క్షణంలో పడుతుంది. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

పోనీ లాక్ పట్టి, తర్వాతి నోడ్ తెలుసుకున్నాక ఐపుట్ చేద్దామంటే అది ఇంకో తప్పు. ఐపుట్ నిద్రపోగలదు. డిలీట్ అయిన ఫైల్ చివరి రిఫరెన్స్ మీదైతే డిస్క్ బ్లాకులు వదలడం, జర్నల్‌లో రాయడం అంతా ఆ ఐపుట్ లోపలే జరుగుతుంది. స్పిన్‌లాక్ పట్టుకుని ఆ పని చేయకూడదు. డీబగ్ అటామిక్ స్లీప్ ఆన్‌లో ఉంటే కెర్నెల్ లాగ్‌లో వెంటనే తిడుతుంది. ఆఫ్‌లో ఉంటే ఎప్పుడో మెషీన్ బిగుసుకుపోతుంది.

అందుకే ఇప్పటిదాన్ని పట్టుకునే ఉండి, కిందటిదాన్ని లాక్ బయట వదులుతాం.

చివరి ఐపుట్ మరిచిపోవడం కూడా మామూలే. లూప్ మధ్యలో ఎర్రర్ వచ్చి రిటర్న్ అయ్యే దారుల్లో ఇది ఎక్కువ. గుర్తు: అన్‌మౌంట్ చేసినప్పుడు లాగ్‌లో "బిజీ ఐనోడ్స్ ఆఫ్టర్ అన్‌మౌంట్" అని వస్తుంది. ఆ లైను కనిపిస్తే ముందుగా మీ లూప్ నుంచి బయటికి పోయే దారులన్నీ లెక్కపెట్టండి. మీరు తిరుగుతుండగా ఇంకెవరో అన్‌మౌంట్ చేసినా ఇదే సందేశం రావచ్చు. కాబట్టి తిరిగినంతసేపూ సూపర్‌బ్లాక్ ఎస్_యుమౌంట్‌ను రీడ్‌లో పట్టుకోవాలి. ఐటరేట్_సూపర్స్ ద్వారా వస్తే ఆ పని అదే చేస్తుంది.

5. వదిలేసే ఐనోడ్లను కూడా లెక్కలోకి తీసుకోండి

పద్ధతి అంతా సరిగ్గా రాసినా సాఫ్ట్ లాకప్ వచ్చే సందర్భం ఒకటుంది. డ్రాప్_క్యాషెస్ కోడ్‌లో పేజీలు లేని ఐనోడ్లను "కంటిన్యూ" అని దాటేస్తారు. దాటేసేటప్పుడు లిస్టు లాక్ వదలరు. లిస్టులో లక్షల కొద్దీ ఐనోడ్లు వరుసగా పేజీలు లేనివే అయితే? లాక్ వదిలే లైను దాకా కోడ్ రానే రాదు. కెర్నెల్‌లో ఇది నిజంగా జరిగింది. 2019లో జాన్ కారా దీన్ని సరిచేశారు. మార్పు చిన్నదే: పేజీలు లేకపోయినా, రీషెడ్యూల్ అవసరమని నీడ్_రీషెడ్ చెబితే దాటేయొద్దు, దాని మీద చిట్టీ తీసుకుని లాక్ వదులు. అదే ఏడాది చివర్లో ఇలాగే ఎస్_ఐనోడ్స్ మీద తిరిగే మిగతా చోట్లను ఎరిక్ శాండీన్ సరిచేశారు.

మన టెస్టులో ఫైళ్లన్నీ ఖాళీగా ఎందుకు పెట్టించానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మీ లూప్‌లో "కంటిన్యూ" ఎక్కడ కనిపించినా ఆగి, లక్ష సార్లు వరుసగా ఇదే దారిలో పోతే ఏమవుతుందో చూసుకోండి.

6. పని తీరును బట్టి వేరే దారులు

నోడ్లను తీసేయడమే మీ పని అయితే చిట్టీల గొడవే వద్దు. లాక్ కింద ప్రతి నోడ్‌ను "పోతోంది" అని గుర్తు పెట్టి సొంత లిస్టుకు మార్చుకోండి, లాక్ వదిలి తీరిగ్గా శుభ్రం చేయండి. ఎవిక్ట్_ఐనోడ్స్ ఇలాగే చేస్తుంది: ఐ_ఎల్‌ఆర్‌యూ లింకుతో డిస్పోజ్ అనే లోకల్ లిస్టులో చేరుస్తుంది. మధ్యలో రీషెడ్యూల్ అవసరమైతే లాక్ వదిలి, ఉన్నవాటిని శుభ్రం చేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అక్కడ మొదటి నుంచి తిరగడం సరైనదే, ఎందుకంటే పని అయినవి లిస్టులో ఉండవు, లిస్టు ప్రతిసారీ చిన్నదవుతుంది. దీన్ని చూసి, నోడ్లు లిస్టులోనే ఉండిపోయే లూప్‌లో "గోటూ అగైన్" పెట్టకండి. పని వర్గ ప్రమాణంలో పెరుగుతుంది, ఒక్కోసారి ఎప్పటికీ పూర్తికాదు.

లిస్టు మొత్తం మీదే, అందులోవన్నీ ఒకేసారి కావాలంటే లిస్ట్_స్ప్లైస్_ఇనిట్ చాలు. కొన్ని పాయింటర్లు మారతాయంతే, లక్ష నోడ్లున్నా లాక్ ఒక్క క్షణమే.

ఒక్కో నోడ్ మీద పని మరీ చిన్నదైతే ప్రతిసారీ లాక్ వదిలి పట్టడమే బరువవుతుంది. అప్పుడు లాక్ కింద ఒక 32 నోడ్లకు రిఫరెన్సులు తీసుకుని అర్రేలో పెట్టుకోండి, లాక్ వదిలి అన్నిటి పనీ చేయండి. చివరిదాన్ని మాత్రం తర్వాతి విడత మొదలయ్యేదాకా వదలొద్దు. మీ చోటు గుర్తు అదే.

మీ సొంత లిస్టు విషయంలో ఒక పెద్ద హెచ్చరిక. రిఫరెన్స్ ఉంటే నోడ్ లిస్టులోనే ఉంటుందన్న హామీ ఐనోడ్లది. మీ కోడ్‌లో రిఫరెన్స్ ఉండగానే ఇంకో థ్రెడ్ లిస్ట్_డెల్ చేయగలిగితే ఆ హామీ లేదు. అప్పుడు తీసేవాళ్లందరూ లిస్ట్_డెల్_ఇనిట్ వాడాలి. మీరు లాక్ మళ్లీ పట్టాక నోడ్ లిస్ట్_ఎంప్టీ అంటోందేమో చూసి, అయితే మొదటి నుంచి తిరగాలి. లేదా చోటు గుర్తుగా ఒక ఉత్తుత్తి నోడ్‌ను లిస్టులో పెట్టుకోవచ్చు, కానీ ఆ లిస్టు మీద తిరిగే ప్రతి ఒక్కరూ దాన్ని గుర్తుపట్టి దాటేయాలి. పాత కోడ్‌లో ఒక్క చోట మరిచినా ప్రమాదం. విద్యార్థి ప్రాజెక్టులకు నేను దీన్ని సిఫారసు చేయను.

లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ_సేఫ్ గురించి కూడా చెప్పాలి. పేరులో సేఫ్ ఉంది కదా అని లాక్ వదిలేస్తుంటారు. మీరే ఇప్పటి నోడ్‌ను తీసేస్తే అది కాపాడుతుంది, అంతే. అది తర్వాతి నోడ్ చిరునామాను ముందే దాచుకుంటుంది. మీరు లాక్ వదిలిన సమయంలో వేరేవాళ్లు ఆ తర్వాతి నోడ్‌నే తీసేస్తే నేరుగా పోయిన మెమరీలోకి నడుస్తారు. లాక్ వదిలే లూప్‌లో సేఫ్ రకం కన్నా మామూలు రకమే మంచిది.

7. ఆర్‌సీయూ ఎప్పుడు?

ఆర్‌సీయూ అంటే చదివేవాళ్లు లాక్ పట్టకుండానే చదివే పద్ధతి. చదివేవాళ్లు చాలామంది, మార్చేవాళ్లు అరుదు, చదివేటప్పుడు నిద్ర అవసరం లేదు. ఈ మూడూ కుదిరితేనే. లైనక్స్‌లో ఆర్‌సీయూ 2002 నుంచి ఉంది, 2011లో 2.6.38లో పాత్ వెతుకులాటకు అది వచ్చాక డెంట్రీల మీద లాక్ పోటీ బాగా తగ్గింది. ఆ కథ విని చాలామంది నేరుగా దీనికే వస్తారు.

ఎస్_ఐనోడ్స్ మీద లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ_ఆర్‌సీయూ పెట్టకండి. ఆ లిస్టు నుంచి తీసేది లిస్ట్_డెల్_ఇనిట్‌తో; తీసిన నోడ్ తనవైపే చూపిస్తుంది. లాక్ లేకుండా మీరు సరిగ్గా దానిమీద ఉంటే అదే నోడ్ చుట్టూ తిరుగుతూనే ఉంటారు. సొంత లిస్టు అయితే చేర్చేటప్పుడు, తీసేటప్పుడు ఆర్‌సీయూ రకాలే వాడి, మెమరీని కేఫ్రీ_ఆర్‌సీయూతో వదలండి. చదివే చోట రిఫరెన్స్ కావాలంటే రెఫ్‌కౌంట్_ఇంక్_నాట్_జీరో. సున్నాకు చేరిన కౌంట్‌ను మామూలుగా పెంచితే పోయినదాన్ని లేపినట్టే, కెర్నెల్ వార్నింగ్ ఇస్తుంది.

రీడ్-రైట్ లాక్‌తో సరిపెట్టొచ్చా అంటే, ఇలాంటి చిన్న విభాగాలకు లాభం ఉండదు. చదివేవాళ్లు కూడా లాక్‌లోని కౌంటర్ మీద రాయాల్సిందే, ఆ క్యాష్ లైను సీపీయూల మధ్య ఎగురుతూనే ఉంటుంది.

8. సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

ముందు డీబగ్ కెర్నెల్. ఒకటో మెట్టులోని రెండు టెర్మినళ్లకు తోడు మూడో దాంట్లో డిలీట్లు జోరుగా నడపండి. ఫైల్ తెరిచి ఉంచి, డిలీట్ చేసి, తర్వాత మూయడం కూడా కలపండి. చివరి ఐపుట్ మీ లూప్‌లో పడే అవకాశం అప్పుడే ఎక్కువ. పని మధ్యలో కావాలనే కొన్ని మిల్లీసెకన్ల ఎంస్లీప్ పెట్టి ఒకసారి నడిపితే, మామూలుగా నెలకోసారి వచ్చే తప్పు కూడా త్వరగా బయటపడుతుంది. టెస్ట్ అయ్యాక ఎంస్లీప్ తీసేయండి. లిస్టు పాయింటర్లలో చివర 100, 122 అనే హెక్స్ అంకెలతో క్రాష్ వస్తే అవి లిస్ట్_డెల్ పెట్టే విషపు విలువలు: తీసేసిన నోడ్ మీద మీరు నడిచారు. నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌లో ఆటో గ్రూపు నడిపి, లాగ్‌లో లాక్‌డెప్ సందేశం ఒక్కటి కూడా లేదని చూసుకోండి. లాక్‌డెప్ మొదటి తప్పు దొరకగానే తనను తాను ఆపేసుకుంటుంది, కాబట్టి సరిచేశాక రీబూట్ చేసి మళ్లీ మొదటి నుంచి నడపాలి.

తర్వాత లాక్_స్టాట్. హోల్డ్‌టైమ్-మ్యాక్స్, వెయిట్‌టైమ్-మ్యాక్స్ బాగా పడిపోవాలి. అక్విజిషన్స్ మాత్రం పెరుగుతుంది, టెన్షన్ పడకండి. లాక్ ఎక్కువసార్లు వదిలి పట్టుకుంటున్నాం కాబట్టి అది సహజం. ఆ తర్వాత మామూలు కెర్నెల్ మీద పెర్ఫ్ లాక్ కంటెన్షన్, దాంతోపాటు రెండో టెర్మినల్ స్క్రిప్టు నిమిషానికి ఎన్ని ఫైళ్లు సృష్టించిందో చూడండి. మీ లూప్ మొత్తం సమయం కొద్దిగా పెరిగినా ఫర్వాలేదు, పక్కవాళ్ల పని సాగుతోందా అన్నదే చూడాలి.

హోల్డ్‌టైమ్ తగ్గినా కంటెన్షన్స్ తగ్గలేదంటే తప్పు మీ లూప్‌ది కాకపోవచ్చు. ప్రతి కొత్త ఐనోడ్ లిస్టులో చేరేటప్పుడు, పాతది పోయేటప్పుడు కూడా ఇదే లాక్ పట్టాలి. ఒకప్పుడు అన్ని ఫైల్‌సిస్టమ్‌లకూ కలిపి ఇది ఒకే గ్లోబల్ లాక్; 2015లో డేవ్ చిన్నర్ ప్యాచ్‌తో ప్రతి సూపర్‌బ్లాక్‌కూ వేరైంది. అయినా ఒకే మౌంట్ మీద చాలా సీపీయూలు ఫైళ్లు సృష్టిస్తుంటే పోటీ ఉంటుంది. తిరిగే కోడ్‌ను ఆపేసి, సృష్టించే స్క్రిప్టు ఒక్కటే నడిపి కొలవండి. అంకె అలాగే ఉంటే లూప్‌ను ఇక ముట్టుకోవద్దు; టెస్టును రెండు మౌంట్లకు పంచి చూడండి, లేదా మీ సొంత లిస్టు అయితే దాన్ని సీపీయూల వారీగా ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో లాక్ ఇవ్వండి.